ఫ్లోరోయురాసిల్ 5 శాతం క్రీము: ఎండ పెచ్చులను తొలగించే మందు, తొలగించే ముందు భయపెట్టే మందు

ఏళ్ల తరబడి ఎండలో పనిచేసిన వారి బట్టతల మీద, నుదుటి మీద, చెవుల అంచుల మీద, ముంజేతుల పైవైపు గరుకుగా పెచ్చులు కట్టే మచ్చలకు చర్మ వైద్యులు రాసే మందుల్లో ఫ్లోరోయురాసిల్ 5 శాతం క్రీము ముఖ్యమైనది. నర్సంపేట వైపు మిరప, పత్తి పండించే మా పెద్దబాపుకు హనుమకొండలోని ఒక వైద్యురాలు దీనిని రాశారు. కొనుక్కొచ్చింది నేను, చాలా రోజులు పూసింది కూడా నేనే. అందువల్ల ఈ మందు గురించి వివరంగా రాయగలుగుతున్నాను. మందు మంచిదని ముందే చెబుతున్నాను. దాని పెట్టెలో పెట్టే కాగితం, దానిని అమ్మే తీరు మాత్రం ఆ మంచితనానికి తగినట్టుగా లేవు.

ఈ మచ్చలను వైద్యులు ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పైచర్మపు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తూ వస్తాయి. ఆ దెబ్బ రోజుల్లో కాక దశాబ్దాల్లో పేరుకుంటుంది. చివరకు కొన్ని కణాలు క్రమం తప్పి పెరిగి, చర్మం మీద పొలుసుగా పైకి వస్తాయి. కంటికి కనిపించే దానికంటే వేలికి తగిలేదే ఎక్కువ. మా పెద్దబాపు తల మీద చేయి పెడితే ఉప్పుకాగితం తగిలినట్టే ఉండేది, దూరం నుంచి చూస్తే మాత్రం లేత ఎరుపు రంగు మరక తప్ప ఏమీ తెలిసేది కాదు. నల్లని చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం కొంత రక్షణ ఇస్తుంది గనుక ఈ సమస్య యూరప్, ఆస్ట్రేలియా వాసుల్లో ఉన్నంతగా మనలో ఉండదు. అలాగని అసలే రాదనుకోవడం సరికాదు. చామనఛాయ కంటే తేలికైన రంగు, బట్టతల, యాభై ఏళ్ల వ్యవసాయం ఒకే మనిషిలో కలిసినప్పుడు రావచ్చు. పుట్టుకతోనే చర్మంలో రంగు లేని వారికైతే ఇది చిన్న వయసులోనే వస్తుంది.

మిరప పండించే వారి ఎండ సంగతి ఇక్కడ చెప్పడం అవసరం. వరి రైతుకు కోతల తరువాత కాస్త తెరిపి ఉంటుంది. మిరప రైతుకు అసలు ఎండ పని కోతల తరువాతే మొదలవుతుంది. కాయను కల్లంలో పరిచి, పూటపూటకూ తిరగేసి, తాలు కాయ ఏరి, బస్తాలకు ఎత్తేసరికి మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేస్తాయి. ఆ తరువాత వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డులో బస్తాల పక్కన ధర కోసం నిలబడటం ఉండనే ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో మన ప్రాంతంలో అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలే, అది అంతర్జాతీయ కొలమానంలో అత్యంత తీవ్రమైన స్థాయి. మా పెద్దబాపు వయసులో ఉన్నప్పుడు తలకు రుమాలు చుట్టేవాడు. తరువాత ఎందుకో మానేశాడు, జుట్టు రాలిపోయిన తరువాత కూడా మళ్లీ చుట్టలేదు.

క్రీము దాకా రావడానికి ముందు ఆ పెచ్చుల మీద ఆముదం, కొబ్బరినూనె, తామర మందు అన్నీ అయ్యాయి. ఊళ్లో మందుల దుకాణంలో అడగగానే చేతిలో పెట్టిన స్టెరాయిడ్ కలిసిన లేపనం కూడా కొన్ని నెలలు వాడాడు. దానితో ఎరుపు తగ్గినట్టు కనిపించేది, గరుకు మాత్రం అలాగే ఉండేది. ఇలాంటి లేపనాలు చర్మాన్ని పలుచబరుస్తాయే గాని, చెడిన కణాలను తీయవు. మన దగ్గర తల మీద, ముఖం మీద గరుకుగా కనిపించేవన్నీ ఒకటే కావు కూడా. వయసుతో వచ్చే గోధుమ రంగు కాయలు వేరు, పులిపిర్లు వేరు, సోరియాసిస్ వేరు. వీటిలో ఒకదానికి మంచిదైన మందు మరొకదానికి దండగ, ఒక్కోసారి హాని. అందుచేత ఈ క్రీమును వైద్యుల చీటీ లేకుండా కొనే ఆలోచన ఉన్నవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

వైద్యురాలు చేసిన పని నాకు నచ్చింది. ఆమె తల మొత్తం వేళ్లతో తడిమి చూశారు, తరువాత చర్మాన్ని పెద్దదిగా చూపించే డెర్మోస్కోపు పెట్టి చూశారు. కుడి చెవి పైఅంచున ఉన్న మచ్చ మిగతా వాటికంటే దళసరిగా ఉండి, తాకితే నొప్పి పెడుతుండటంతో దానికి క్రీము రాయకుండా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇలాంటి మచ్చల్లో ఒక్కొక్కటి కేన్సరుగా మారే అవకాశం ఏడాదికి నూటికి ఒకటి కంటే తక్కువేనని, కొన్ని వాటంతట అవే పోతాయని కూడా చెప్పారు. కాని పదులకొద్దీ ఉన్నప్పుడు, పదేళ్ల లెక్క వేసినప్పుడు, ఆ చిన్న సంఖ్య చిన్నదిగా ఉండదు. దళసరి కావడం, నొప్పి, రక్తం కారడం, వారాల్లోనే పెరగడం, మానని పుండు, ఇవి కనిపిస్తే క్రీముతో కాలయాపన చేయకూడదు. చెవి మచ్చ పరీక్షలో కేన్సరు కాదని తేలింది, దానిని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీసేశారు. తల మీది మచ్చలకే ఈ క్రీము.

ఇక కొనడం సంగతి. హనుమకొండలో నేను అడిగిన దుకాణాల్లో ఇది అప్పటికప్పుడు దొరకలేదు. ఒక దుకాణదారు హైదరాబాదు స్టాకిస్టు నుంచి తెప్పించి ఇచ్చాడు. అరుదుగా అమ్ముడుపోయే మందు కాబట్టి గడువు తేదీ చూసుకుని తీసుకోవాలి. పెట్టెలో చిన్న అల్యూమినియం గొట్టం, దానితో పాటు చీమల బారులాంటి అక్షరాలతో ముద్రించిన ఇంగ్లీషు కాగితం ఉన్నాయి. ఎలా పూయాలో దుకాణంలో ఎవరూ చెప్పలేదు. చీటీ మీద రోజుకు రెండుసార్లు అని చూసి, కురుపుల మందేనా అని మాత్రం అడిగారు.

ఆ కాగితంలో ఏముందో ఓపిక పట్టి చదివితే ఈ మందు కథ ఆసక్తికరంగానే ఉంది. ఫ్లోరోయురాసిల్‌ను అమెరికాలో 1957లో కేన్సరు మందుగా పరిచయం చేశారు. పెద్దపేగు కేన్సరుకు సూది రూపంలో ఇప్పటికీ వాడుతున్నారు. ఆ సూది ఎక్కించుకుంటున్న రోగుల ఒంటి మీద ఉన్న ఎండ పెచ్చులు ముందు ఎర్రబడి, తరువాత మాయమవడాన్ని 1960ల తొలినాళ్లలో వైద్యులు గమనించారు. పైపూత మందుగా వాడే ఆలోచన అక్కడ పుట్టింది. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్ఏ కట్టుకోవాలి. దానికి కావలసిన థైమిడిన్ తయారు కాకుండా ఈ మందు అడ్డుపడుతుంది. వేగంగా విభజన చెందే చెడిన కణాలే ముందు చనిపోతాయి, మామూలు చర్మం పెద్దగా చలించదు. పైకి కనిపించని మచ్చలు కూడా మందు తగలగానే ఎర్రబడి బయటపడటానికి కారణం ఇదే. పెద్దబాపు తల మీద మేము లెక్కపెట్టిన వాటికంటే చాలా ఎక్కువ చోట్ల ఎర్రని మరకలు లేచినప్పుడు, మందు కొత్త మచ్చలను పుట్టించిందని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. నిజానికి అది అప్పటికే ఉన్న వాటిని చూపించింది.

పూసే పద్ధతి కష్టమైనది కాదు గాని, శ్రద్ధ కావాలి. తల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పది నిమిషాలు ఆగి, పలుచటి పొరగా మాత్రమే పూయాలి. చేతికి తొడుగు వేసుకోవాలి, వేసుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కళ్లు, ముక్కు పుటాలు, పెదవుల దగ్గరకు పోనీయకూడదు. పైన గాలి ఆడని కట్టు కట్టకూడదు. సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు పూస్తారు, ఎప్పుడు ఆపాలో వైద్యులే చూసి చెబుతారు. మా వైద్యురాలు మందు మొదలుపెట్టడానికి ముసురు పట్టే రోజులను ఎంచుకోమన్నారు, పూసిన చర్మం ఎండను ఏ మాత్రం ఓర్చుకోదు గనుక. మిరప రైతుకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ మందు పెట్టడం కుదిరే పని కాదు. పంట పనిని బట్టి చికిత్స తేదీ నిర్ణయించిన వైద్యులు నాకు ఎక్కువగా తారసపడలేదు కాబట్టి ఈ విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను.

మొదటి నాలుగైదు రోజులు ఏమీ జరగదు. నీళ్లు పూసినట్టే ఉంటుంది, మందు నకిలీదేమోనన్న అనుమానం వస్తుంది. వారం దాటే సరికి ఎరుపు మొదలవుతుంది, దానితో పాటు దురద, చురుకు. రెండో వారం చివరికి ఎర్రబడిన చోటల్లా పొక్కి, పై చర్మం లేచి, రసి కారి, పెచ్చు కడుతుంది. మూడో వారంలో తల చూస్తే, మందు పెట్టకముందు ఉన్నదే నయమనిపిస్తుంది. పెద్దబాపు అద్దంలో చూసుకుని "ఏం మందు బిడ్డా ఇది, పెట్టినకాడల్లా కాలుతాంది, ఉన్న తోలు పోయి లేని పుండైంది" అన్నాడు. పెద్దమ్మ అయితే ఒకనాడు గొట్టం తీసి దాచేసింది. చూడటానికి వచ్చిన చుట్టాలు ఆసుపత్రి మార్చమని సలహా ఇచ్చారు. ఇది దుష్ఫలితం కాదు, మందు పనిచేస్తున్న లక్షణం. ఏమీ ఎర్రబడకపోతేనే అనుమానించాలి. ఈ ఒక్క మాట పెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రిస్తే, సగంలో మందు మానేసేవారు ఎంతమంది తగ్గుతారో. మా వైద్యురాలు మొదటి రోజే ఏ వారం ఎలా ఉంటుందో ఫోటోలు చూపించి చెప్పారు కాబట్టి మేము నిలబడ్డాము. ఆ పది నిమిషాల వివరణ లేకుండా ఈ క్రీమును ఇంటికి పంపడం రోగిని మోసం చేయడంతో సమానమని నా అభిప్రాయం.

అయితే ఓర్చుకోవడానికీ హద్దు ఉంది. చీము పట్టడం, జ్వరం, ఎరుపు పూసిన చోటు దాటి పాకడం, కన్ను వాయడం, నోట్లో పుండ్లు, విరేచనాలు కనిపిస్తే పూయడం ఆపి వెంటనే వైద్యులను కలవాలి. ఈ మందును అరిగించే డీపీడీ అనే ఎంజైము కొందరి శరీరంలో పుట్టుకతోనే ఉండదు, అలాంటి వారికి చర్మం ద్వారా లోపలికి వెళ్లిన కొద్దిపాటి మందు కూడా ప్రమాదకరం కావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. గర్భిణులు ఇతరులకు పూయడం కూడా మంచిది కాదు. పల్లె ఇళ్లలో మరో ప్రమాదం ఉంది: కుక్క ఈ గొట్టాన్ని కొరికినా, పూసిన చోటు నాకినా ప్రాణం పోవచ్చు. మా వాకిట్లో కుక్క ఉంది గనుక గొట్టాన్ని ఇనుప బీరువాలో పెట్టాము, పూసిన పూట దిండు గలీబును విడిగా ఉతికాము.

మందు ఆపిన తరువాత మానడం త్వరగానే మొదలైంది. పెట్రోలియం జెల్లీ, వైద్యురాలు కొన్ని రోజులకు రాసిన తేలికపాటి లేపనం తప్ప వేరే ఏమీ వాడలేదు. పెచ్చులు ఒక్కొక్కటిగా రాలి, కింద గులాబీ రంగు కొత్త చర్మం వచ్చింది. పూర్తి ఫలితం తెలియడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. ఆ తరువాత చేయి పెడితే తల నున్నగా తగిలింది. ఒకచోట మాత్రం కొంచెం గరుకు మిగిలితే దానిని ద్రవ నైట్రోజన్‌తో తీశారు. మన రంగు చర్మానికి ఉన్న చిక్కు ఏమిటంటే, మానిన చోట నల్లని మరకలు కొంతకాలం ఉండిపోతాయి. పెద్దబాపు బట్టతల మీద వాటిని ఎవరూ పట్టించుకోలేదు గాని, ముఖం మీద పూసుకోబోయేవారు ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

వేరే మార్గాలతో పోల్చి చూస్తే క్రీముకే నా ఓటు. ఒకటి రెండు మచ్చలే ఉంటే ద్రవ నైట్రోజన్ చాలు, క్షణాల్లో పని అయిపోతుంది. కాని మైనస్ 196 డిగ్రీల చల్లదనం రంగు కణాలను కూడా చంపుతుంది, అందువల్ల మన చర్మం మీద తెల్ల మచ్చ శాశ్వతంగా మిగలవచ్చు. పైగా అది కనిపించే మచ్చనే తీస్తుంది, కనిపించని దానిని తాకదు. నెదర్లాండ్స్‌లో 624 మందిపై జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో నాలుగు పైపూత చికిత్సలను పోల్చారు. చికిత్స ముగిసిన 12 నెలలకు ఫలితం నిలిచే అవకాశం ఫ్లోరోయురాసిల్ 5 శాతం క్రీముకు 74.7 శాతం, ఇమిక్విమోడ్ క్రీముకు 53.9 శాతం, మందు పూసి దాని మీద కాంతి పడేలా చేసే చికిత్సకు 37.7 శాతం, ఇంజెనాల్ జెల్‌కు 28.9 శాతం అని తేలింది. ఇంజెనాల్‌ను కేన్సరు భయంతో 2020లో యూరప్ మార్కెట్ నుంచి తీసేశారు. ఆ నెదర్లాండ్స్ పరిశోధనలో పాల్గొన్నవారు యూరప్ వాసులు, మన చర్మానికి ఆ అంకెలు అక్షరాలా వర్తిస్తాయని చెప్పలేము, వరుస మాత్రం ఉపయోగపడుతుంది. అమెరికా మాజీ సైనికులపై జరిపి 2018లో ప్రచురించిన మరో పరిశోధనలో, ముఖానికీ చెవులకూ ఈ క్రీము ఒక విడత వాడినవారిలో శస్త్రచికిత్స చేయాల్సిన స్క్వేమస్ కణ కేన్సరు (ఇలాంటి మచ్చల నుంచి పుట్టగల చర్మ కేన్సరు) ముప్పు మొదటి ఏడాది 75 శాతం తగ్గింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ రక్షణ నిలవలేదు. అంటే ఇది ఒకసారి పూసి మరచిపోయే మందు కాదు, ఏడాదికోసారి తల చూపించుకోవలసిందే.

ఖర్చు విషయంలో ఫిర్యాదు లేదు. మాకు అయిన మొత్తంలో క్రీము వాటా చిన్నది, ముక్క పరీక్షకు, రాకపోకలకు అయినదే ఎక్కువ. ప్రైవేటు ఖర్చు భారమనుకునేవారు వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించుకోవచ్చు.

మచ్చలు మళ్లీ రాకుండా సన్‌స్క్రీన్ కూడా రాశారు. ఆస్ట్రేలియాలో 40 ఏళ్లు దాటిన 588 మందితో ఒక వేసవి అంతా ఎస్‌పీఎఫ్ 17 క్రీము రోజూ పూయించి చూసిన పరిశోధన 1993లో వెలువడింది. పూసుకున్నవారిలో కొత్త మచ్చలు తక్కువగా వచ్చాయి, ఉన్నవి కూడా కొన్ని పోయాయి. శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నా, కల్లంలో చెమటతో పనిచేసే మనిషి బట్టతల మీద రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ పూసుకుంటాడని నేను నమ్మలేదు, పెద్దబాపు కూడా పూసుకోలేదు. అది చెమటతో కళ్లలోకి కారి మండుతుంది, తెల్లగా పేరుకుంటుంది, పైగా మిరప ఘాటు అంటిన చేతులతో తల తాకే పని అది. చివరకు కుదిరింది రుమాలే. ముతక నూలు గుడ్డను రెండు మూడు మడతలుగా, చెవుల పైఅంచులు కూడా కప్పేలా చుట్టుకుంటే ఏ క్రీముకూ తీసిపోని నీడ దొరుకుతుంది. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా కల్లం తిరగేసే పనిని పొద్దుటికీ సాయంత్రానికీ మార్చుకున్నాడు, అది కూలీలకూ నచ్చింది.

చికిత్స అయిన తరువాత గొట్టంలో మూడో వంతు మందు మిగిలింది. పక్కింటి వాళ్లు, పెద్దబాపు తల నున్నబడటం చూసి, తమ కోడలి చెంపల మీది మంగుమచ్చలకు అది కావాలని అడిగారు. మంగుకు ఈ మందు పనికిరాదు సరికదా, పూసిన చోటల్లా పుండై, ఉన్న నలుపు రెట్టింపవుతుంది. ఆ మాట చెప్పి ఇవ్వనన్నాను, వాళ్లు కొంచెం నొచ్చుకున్నారు. మిగిలిన గొట్టాన్ని చెత్తకుండీలో వేయకుండా, కుక్కలకూ పిల్లలకూ అందకుండా మూసిన డబ్బాలో పెట్టి, తరువాతి పరీక్షకు వెళ్లినప్పుడు క్లినిక్‌లో వాడిన కట్టు గుడ్డలు పారేసే పసుపు సంచిలో వేయమని ఇచ్చేశాను.